పాఠకుల ప్రశ్నలు – జవాబులు: రంగులు కలవడం, రంగులు మారడం

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం రంగుల గురించే ఉన్నాయి. పైకి వేర్వేరు ప్రశ్నల్లా కనిపించినా వాటిలో చాలావాటి వెనక ఉన్న చిక్కు ఒకటే. రంగును మనం ట్యూబు మీద అచ్చువేసిన పేరుగా చూస్తున్నాం. దానిలో ఏ వర్ణద్రవ్యం ఉంది, దాని మీద ఏ వెలుగు పడుతోంది, దాని పక్కన ఏ రంగు ఉంది అన్న మూడు సంగతులనూ వదిలేస్తున్నాం. ఒకే తరహా ఉత్తరాలను కలిపి పది ప్రశ్నలుగా చేసి జవాబులిస్తున్నాను.

ప్రశ్న: చిన్నప్పుడు బడిలో ఎరుపు, పసుపు, నీలం ప్రాథమిక వర్ణాలని నేర్చుకున్నాను. అచ్చుపనిలో ఉన్న మిత్రుడు సయాన్, మజెంటా, పసుపు అంటాడు. కంప్యూటరులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని ఉంటుంది. వీటిలో ఏది నిజం?

జవాబు: మూడూ వేర్వేరు పనుల కోసం పుట్టిన లెక్కలు. ముందుగా కంటితో మొదలుపెడదాం. మన రెటీనాలో పగటి వెలుగులో పనిచేసే శంకు కణాలు మూడు రకాలు. అవి సుమారు 420, 530, 560 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల దగ్గర అన్నిటికంటె ఎక్కువగా స్పందిస్తాయి. ఈ మూడింటి స్పందనల నిష్పత్తినే మెదడు రంగుగా చదువుకుంటుంది. కంప్యూటరు తెర చేసేది ఈ మూడింటినీ విడివిడిగా కదిలించడమే. తెర మీద కనిపించే పసుపులో పసుపు కాంతి ఉండదు, ఎర్రని చుక్క, ఆకుపచ్చని చుక్క పక్కపక్కనే వెలుగుతూ ఉంటాయి. కాంతికి కాంతి చేరేకొద్దీ వెలుగు పెరుగుతుంది కనుక దీనిని సంకలన మిశ్రమం అంటారు.

రంగు ద్రవ్యం పని దీనికి తలకిందులుగా నడుస్తుంది. తనమీద పడిన తెల్లని కాంతిలో కొంత భాగాన్ని అది మింగేస్తుంది, మింగకుండా వదిలినదే మనకు కనిపిస్తుంది. నీలి ద్రవ్యం నీలంతో పాటు కొంత ఆకుపచ్చనూ వదులుతుంది. పసుపు ద్రవ్యం ఎరుపు, పసుపు, ఆకుపచ్చ భాగాలను వదిలి నీలాన్ని మింగుతుంది. రెండూ కలిపినప్పుడు ఇద్దరి వాతా పడకుండా మిగిలేది ఆకుపచ్చ ఒక్కటే. అదే నీలి కాంతినీ పసుపు కాంతినీ ఒక తెర మీద కలిపితే తెలుపు వస్తుంది. ఈ తేడాను 1852లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ స్పష్టంగా తేల్చి చెప్పేదాకా శాస్త్రజ్ఞులూ చిత్రకారులూ ఒకే మాటతో రెండు వేర్వేరు సంగతుల గురించి మాట్లాడుకుంటూ వచ్చారు. 1704లో అచ్చయిన గ్రంథంలో న్యూటన్ గీసిన వర్ణచక్రం కాంతిని గురించినది. అందులో ఏడు రంగులు ఉండడానికి సంగీతంలోని ఏడు స్వరాలతో పోలిక తేవాలన్న కోరిక కూడా ఒక కారణం. ఆ చక్రాన్నే ఎరుపు, పసుపు, నీలాలతో సర్ది చిత్రకారులు తమ పాలెట్‌కు వాడుకున్నారు, గందరగోళం అక్కడ మొదలయింది.

ఇక చిత్రకారుడికి ఏది పనికొస్తుంది? మజెంటాలో పసుపు కలిపితే మంచి ఎరుపు వస్తుంది, మజెంటాలో సయాన్ కలిపితే నీలం వస్తుంది. ఎరుపులో ఎంత నీలం కలిపినా శుభ్రమైన మజెంటా రాదు. ఈ ఒక్క పరీక్ష చాలు, బడిలో నేర్చిన ఎరుపు, నీలాలు కచ్చితమైన అర్థంలో ప్రాథమికాలు కావని తెలియడానికి. అయితే సయాన్, మజెంటా, పసుపులతో అన్ని రంగులూ వస్తాయనుకోవడమూ పొరపాటే. వాటితో కలిపిన నారింజ ట్యూబులో దొరికే కాడ్మియం నారింజ ముందు వెలవెలబోతుంది. అచ్చుపనివారు కూడా వాటికి నలుపు చేరుస్తారు, మంచి ముద్రణలో ఒక్కోసారి నారింజ, ఆకుపచ్చ సిరాలు కూడా వాడతారు. ప్రపంచంలోని ఏ మూడు ద్రవ్యాలూ మిగిలిన అన్నిటినీ పుట్టించలేవు. ‘ప్రాథమిక’ అన్న మాటను తక్కువ ట్యూబులతో ఎక్కువ రంగులు తెచ్చుకునే ఏర్పాటుగా తీసుకుంటే మీ ముగ్గురి మధ్య తగవు తీరిపోతుంది.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. చక్రం మారితే ఎదురెదురు జంటలూ మారతాయి. పాత చక్రంలో పసుపుకు ఎదురు ఊదా, కాంతి చక్రంలో నీలం. పాత చక్రంలో ఎరుపుకు ఎదురు ఆకుపచ్చ, కాంతి చక్రంలో సయాన్. ఏ రెండు ద్రవ్యాలు కలిస్తే రంగు పూర్తిగా విరిగి బూడిదగా మారుతుందో మీ ట్యూబులతో కలిపి చూసి రాసుకోవడమే దీనికి మార్గం.

ప్రశ్న: అల్ట్రామెరీన్ నీలంలో కాడ్మియం ఎరుపు కలిపాను. ఊదా రావాల్సింది పోయి బురద రంగు వచ్చింది. నా ట్యూబులు నాసిరకమా, నా చెయ్యి మంచిది కాదా?

జవాబు: మీ చేతికీ, ట్యూబులకూ దోషం లేదు. ఊదా కనిపించాలంటే మిశ్రమం నుంచి నీలి భాగమూ ఎర్ర భాగమూ రెండూ బయటికి రావాలి. కాడ్మియం ఎరుపు నారింజ వైపు మొగ్గిన ఎరుపు. అది నీలి కాంతిని దాదాపు పూర్తిగా మింగేస్తుంది. అల్ట్రామెరీన్ వదిలిన నీలాన్ని అది తినేస్తే మిగిలేది ముదురు వంకాయ చెక్కులాంటి గోధుమ రంగే. కాడ్మియం ఎరుపు పక్కన పెట్టి క్వినాక్రిడోన్ మజెంటాను అదే నీలంతో కలిపి చూడండి. ఆ ద్రవ్యం ఎరుపుతో పాటు నీలాన్నీ వదులుతుంది కనుక ఊదా తేటగా వస్తుంది.

అందుచేత ట్యూబు ముందువైపు పేరుకంటె వెనకవైపు చిన్న అక్షరాలలో ఉండే వర్ణద్రవ్య సంకేతాన్ని చదవడం అలవాటు చేసుకోవాలి. అల్ట్రామెరీన్‌కు పి.బి.29, థాలో నీలానికి పి.బి.15, కాడ్మియం ఎరుపుకు పి.ఆర్.108, క్వినాక్రిడోన్ మజెంటాకు పి.ఆర్.122 అని ఉంటుంది. పేరు ఎవరి ఇష్టం వారిది; సంకేతం ఏ తయారీదారు దగ్గరైనా ఒక్కటే. పేరు చివర ‘హ్యూ’ అని ఉంటే అసలు ద్రవ్యానికి బదులు దాన్ని పోలిన వేరే ద్రవ్యం ఉందని అర్థం. సంకేతాలు మూడో నాలుగో ఉంటే ఆ ట్యూబులో ఇప్పటికే మూడు నాలుగు ద్రవ్యాలు కలిసి ఉన్నాయన్నమాట. దానికి మీరు మరో రెండు కలిపితే ప్రతి ద్రవ్యమూ తన వంతు కాంతిని మింగి చివరికి బురదే మిగులుతుంది. నేర్చుకునే రోజుల్లో ఒకే ద్రవ్యం ఉన్న ట్యూబులను కొనమని నేను పట్టుబట్టేది ఇందుకే.

కలిపే తీరులోనూ ఒక చిన్న మెళకువ ఉంది. ద్రవ్యాల బలం సమానంగా ఉండదు. థాలో నీలం పెసరగింజంత పడితే చాలు, పెద్ద పసుపు ముద్దను మొత్తం ఆకుపచ్చ చేసేస్తుంది. కనుక బలహీనమైన రంగును ముందుగా పరిచి, బలమైనదాన్ని అందులోకి కొసరి కొసరి చేర్చాలి. ఇది తలకిందులుగా చేసినవారే, కావలసిన రంగు వచ్చేసరికి పాలెట్ నిండా గోడకు వేసుకునేంత రంగు మిగిలిందని వాపోతూ ఉంటారు.

ఇంకొక మాట, నిలకడ గురించి. మజెంటా, కెంపు వన్నెలలో కొన్ని ద్రవ్యాలు వెలుగుకు వెలిసిపోతాయి, పాత అలిజరిన్ క్రిమ్సన్ (పి.ఆర్.83) అలాంటిదే. వాన్ గో 1888లో వేసిన తన పడకగది చిత్రంలో గోడలు లేత ఊదా అని తమ్ముడికి ఉత్తరంలో రాసుకున్నాడు. ఇవాళ చూసేవారికి అవి నీలంగా కనిపిస్తాయి, ఎరుపు వెలిసిపోయి నీలం మిగిలింది కాబట్టి. రంగును ఎంచుకోవడమంటే అది ఇరవై ఏళ్ల తరువాత ఎలా ఉంటుందో కూడా ఎంచుకోవడమే కనుక, ట్యూబు మీద వెలుగు నిలకడకు ఇచ్చిన గుర్తును చూడకుండా కొనకండి.

ప్రశ్న: నీలం చల్లని రంగు కదా. మరి ‘వెచ్చని నీలం’ అని కొందరు అంటారేమిటి?

జవాబు: వెచ్చదనం, చల్లదనం పోలికలో పుట్టే గుణాలు. ఒక నీలం మరో నీలంకంటె ఎరుపు వైపు మొగ్గిందా, ఆకుపచ్చ వైపు మొగ్గిందా అని చెప్పడానికి వాడే పొట్టి మాట అది. అల్ట్రామెరీన్ ఎరుపు వైపు, థాలో నీలం ఆకుపచ్చ వైపు మొగ్గుతాయి. ఇందులో ఎవరికీ పేచీ లేదు. వీటిలో ఏది వెచ్చనిది అన్న దగ్గర మాత్రం చెయ్యి తిరిగిన చిత్రకారులే రెండు జట్లుగా చీలి వాదించుకుంటారు. నేను ఆ వాదంలోకి దిగను. ‘ఎరుపు మొగ్గు నీలం’, ‘ఆకుపచ్చ మొగ్గు నీలం’ అనుకుంటే పని జరిగిపోతుంది.

రంగుల పేర్లు ఎంత జారుడుగా ఉంటాయో మన భాషే చెబుతుంది. ‘పచ్చ’ అన్న ఒక్క మాటను పసుపుకూ ఆకుకూ పంచి, అవసరమైనప్పుడు పసుపుపచ్చ, ఆకుపచ్చ, చిలకపచ్చ అని విడదీసుకుంటాం. నల్లని మబ్బును కవులు నీలమేఘం అన్నారు. పేరుతో మాటల్లో సర్దుకుపోవచ్చు, పాలెట్ దగ్గర సర్దుకుపోలేం.

ప్రశ్న: నా చిత్రాలలో మంచి మంచి రంగులే వాడుతున్నాను. అయినా దూరం నుంచి చూస్తే అంతా ఒకే మందంగా, చప్పగా కనిపిస్తోంది. ఇంకా మెరిసే రంగులు కొనమంటారా?

జవాబు: కొనవద్దు. మీ చిత్రాన్ని ఫోనుతో ఫొటో తీసి, దాన్ని నలుపు–తెలుపులోకి మార్చి ఒకసారి చూడండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే అంతా దాదాపు ఒకే బూడిద రంగుగా కనిపిస్తుందని నా ఊహ. అదే అయితే లోపం రంగులో లేదు, చిత్రకారులు వాల్యూ అనే లేత–ముదురు స్థాయిలో ఉంది.

రంగును మూడు కొలతలుగా విడదీసి చూడడం ఆల్బర్ట్ మన్సెల్ అనే అమెరికన్ చిత్రకళా ఉపాధ్యాయుడు 1905లో ప్రచురించిన పద్ధతి వల్ల తేలికయింది. ఎరుపా నీలమా అన్నది ఒకటి. 0 నలుపుగా, 10 తెలుపుగా లెక్కించి ఎంత లేత, ఎంత ముదురు అన్నది రెండవది. బూడిద నుంచి ఎంత దూరంగా, ఎంత నిండుగా ఉందన్నది మూడవది. ఆయన చూపిన ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే, ఈ మూడు కొలతలూ కలిసి చక్కని గోళం ఏర్పడదు, అది ఎగుడుదిగుడు ఆకారంగా వస్తుంది. పసుపు తన నిండుదనాన్ని 8 దరిదాపుల్లో, అంటే చాలా లేత స్థాయిలో చేరుకుంటుంది. ఊదా మొగ్గు నీలం 3, 4 స్థాయిల్లో, అంటే ముదురులోనే నిండుగా ఉంటుంది. కనుక ముదురు పసుపు వేద్దామని పసుపును కిందికి దింపితే అది పసుపుగా ఉండదు, గోధుమగానో ఆలివ్ ఆకుపచ్చగానో మారుతుంది. నీలాన్ని బాగా లేతగా చేస్తే తన పదును కోల్పోతుంది. ఇది తెలియక అన్ని రంగులనూ సగం తెలుపు కలిపి ఒకే మధ్యస్థాయికి తెచ్చేవారి చిత్రాలు చప్పబడతాయి. టైటానియం తెలుపు ధారాళంగా వాడేవారిలో ఈ జబ్బు మరీ ఎక్కువ.

ఆకారం, లోతు, దూరం, కదలిక వంటివాటిని చదివే దృష్టి భాగం ఎక్కువగా ఈ లేత–ముదురు తేడా మీదే ఆధారపడుతుంది. దీన్ని కావాలని తిప్పికొట్టిన ఉదాహరణ ఒకటుంది. ఫ్రెంచి చిత్రకారుడు మోనే 1872లో వేసిన సూర్యోదయ చిత్రంలో, ఏ చిత్రం పేరు మీద ఇంప్రెషనిజం అనే చిత్రకళా ఉద్యమానికి ఆ పేరు వచ్చిందో అందులో, నారింజ రంగు సూర్యుడికీ వెనకనున్న బూడిద నీలి ఆకాశానికీ వాల్యూ దాదాపు ఒక్కటే. నలుపు–తెలుపులోకి మారిస్తే సూర్యుడు మాయమవుతాడు. రంగు చూసే దృష్టికి సూర్యుడు ఉన్నాడు, వెలుగు తేడా చూసే దృష్టికి లేడు. ఆ సూర్యుడు నిలకడగా ఉండక అదురుతున్నట్టు అనిపించడానికి కారణం ఇదేనని హార్వర్డ్‌లో దృష్టి మీద పరిశోధించిన మార్గరెట్ లివింగ్‌స్టన్ వివరించారు. మోనే ఒక్కచోట చేసిన పనిని మీరు తెలియకుండా చిత్రమంతటా చేస్తున్నారు.

తరువాతి చిత్రానికి రంగు ముట్టుకునే ముందు అరచేతిలో పట్టేంత చిన్న కాగితం మీద లేత, నడిమి, ముదురు అనే మూడే స్థాయిల్లో ఆ కూర్పును పెన్సిలుతో వేసి చూడండి. అక్కడ చప్పగా ఉన్నది రంగుల్లో బాగుపడదు. వేస్తున్నప్పుడు కళ్లు సగం మూసి చూడడం పాత చిట్కానే అయినా ఇప్పటికీ దానికి మించినది లేదు. వివరాలు మసకబారి స్థాయిలే మిగులుతాయి.

ప్రశ్న: ఎర్రటి కూజా వెనక గోడకు నలుపు, తెలుపు మాత్రమే కలిపిన శుద్ధమైన బూడిద రంగు వేశాను. ఆరిన తరువాత అది ఆకుపచ్చగా కనిపిస్తోంది. నలుపులో ఏదైనా కలిసిందా?

జవాబు: ఇదే అనుమానంతో దాదాపు రెండు వందల ఏళ్ల క్రితం ఒక పెద్ద విచారణే జరిగింది. పారిస్‌లోని గోబెలిన్ చిత్ర వస్త్రాల కర్మాగారంలో అద్దకం విభాగానికి అధిపతిగా ఉన్న రసాయన శాస్త్రవేత్త షెవ్రల్‌కు, నీలం, ఊదా నేతల్లో నల్ల దారం నల్లగా నిలవడం లేదని ఫిర్యాదులు వచ్చాయి. ఆయన ఆ దారాన్ని ఇతరచోట్ల తయారైన నల్ల దారాలతో పోల్చి చూస్తే అద్దకంలో ఏ లోపమూ కనిపించలేదు. పక్కనున్న నీలం, ఊదాల వల్ల నలుపు పలచబడి కనిపిస్తోందని గ్రహించి, ఆ పరిశీలనను విస్తరించి 1839లో పెద్ద గ్రంథంగా వెలువరించాడు. పక్కపక్కనున్న రెండు రంగులు తమ మధ్య ఉన్న తేడాను పెంచి చూపుతాయన్నది దాని సారం: ప్రతి రంగూ తన ఎదురు వన్నెను పొరుగుదాని మీదికి నెడుతుంది, లేతది పొరుగును ముదురుగా చూపుతుంది, ముదురుది లేతగా చూపుతుంది.

మీ కూజా గోడ మీదికి ఆకుపచ్చను నెట్టింది. నమ్మకం కుదరకపోతే ఒక మందమైన తెల్ల కాగితానికి చిన్న రంధ్రం చేసి, కూజా కనిపించకుండా గోడను మాత్రం అందులోంచి చూడండి. ఆకుపచ్చ పోయి బూడిదే కనిపిస్తుంది. గోడ బూడిదగా కనిపించాలంటే ఆ మిశ్రమానికి కొద్దిగా ఎరుపు చేర్చాలి. అప్పుడు పాలెట్ మీద అది మట్టి గులాబీలా ఉంటుంది, చిత్రంలో మాత్రం బూడిదగా నిలుస్తుంది. పాలెట్ మీద రంగు సరిచూసుకుని నిశ్చింతగా కాన్వాస్ మీద పెట్టేవారు మోసపోయేది ఇక్కడే. వేసిన తరువాత, చుట్టుపక్కల అన్నీ నిండిన తరువాత మాత్రమే ఏ రంగునైనా సరిచూడగలం. అందుకే నేను మొదటి గంటలో తెల్ల కాన్వాస్‌ను పలుచని మట్టి రంగుతో కప్పేయమంటాను. తెలుపు పక్కన ప్రతి రంగూ అసలుకంటె ముదురుగా కనిపించి, దాన్ని లేత చేయమని చేతిని తొందరపెడుతుంది.

నిజానికి మీ గోడను దిద్దవలసిన అవసరం ఉందా అని కూడా ఆలోచించండి. ట్యూబులోని ఆకుపచ్చ ఒక్క చుక్కైనా వాడకుండా ఆకుపచ్చను రప్పించారు. ఆ గోడ కూజాను ఇంకా ఎర్రగా చూపుతోంది కూడా. చిన్న చిన్న రంగు చుక్కలతో చిత్రాలు వేసిన ఫ్రెంచి చిత్రకారుడు సూరా 1884–86 మధ్య వేసిన పెద్ద నదీతీర చిత్రంలో ఈ సిద్ధాంతాన్నే అడుగడుగునా వాడాడు. చుక్కలు దూరాన కలిసిపోయి మరింత మెరుస్తాయని ఆ వర్గంవారు ఆశపడిన మాట మాత్రం పూర్తిగా నిజం కాలేదు. ఎదురు రంగుల చుక్కలు మరీ సన్నగా ఉండి కంటిలో పూర్తిగా కలిసిపోతే వాటి సగటు బూడిదే. చుక్కలు ఇంకా విడివిడిగా లీలగా కనిపించే దూరంలోనే ఆ మెరుపు.

ప్రశ్న: నీడ కోసం రంగులో నలుపు కలపడం తప్పని ఒక గురువుగారు, తప్పులేదని మరొకరు అంటున్నారు.

జవాబు: నలుపును పాలెట్ నుంచి వెళ్లగొట్టడం ఒక కాలపు పట్టుదల. స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్, ఫ్రెంచి చిత్రకారుడు మానే (పైన చెప్పిన మోనే కాదు) నలుపుతో ఎంత పని చేశారో చూసినవారు దాన్ని తప్పనలేరు. స్వీడన్ చిత్రకారుడు అండర్స్ జోర్న్ పేరుతో ప్రసిద్ధమైన పాలెట్‌లో తెలుపు, పసుపు ఓకర్ అనే మట్టి పసుపు, వెర్మిలియన్ ఎరుపు, ఐవరీ నలుపు తప్ప ఇంకేమీ ఉండవు. అందులో నీలం పనిని నలుపే చేస్తుంది. ఎర్రని వన్నెల పక్కన నలుపు–తెలుపు బూడిద నీలంగా భాసిస్తుంది, కారణం ఇంతకుముందు జవాబులో చెప్పిందే.

తప్పు ఎక్కడంటే, నీడను ఆలోచించకుండా ప్రతి రంగులోనూ ఒకే నలుపును ఒకే తీరుగా కలిపేయడంలో. నీడలో వెలుగు తక్కువే కాని వెలుగు లేకపోలేదు. సూర్యుడు కనిపించని చోట ఆకాశపు నీలి కాంతి పడుతుంది, పక్కనున్న ఎర్రమట్టి నేల నుంచి ఎర్రని కాంతి ఎగసి తగులుతుంది. కనుక ముందు స్థాయిని దించండి, తరువాత ఆ రెండవ వెలుగు ఏ రంగుదో చూసి అటు జరపండి. పసుపులో నలుపు కలిపితే ఆకుపచ్చ వస్తుందని మీకు అనుభవమే అయి ఉంటుంది. పసుపు పండు నీడకు ఓకర్‌తో మొదలుపెట్టి కాల్చిన సియన్నా అనే ఎర్ర గోధుమ మట్టి రంగు, అవసరమైతే కొంచెం ఊదా చేర్చడం మేలు. ప్రాణమున్న నలుపు కావాలంటే అల్ట్రామెరీన్‌లో కాల్చిన సియన్నా కలపండి. పాళ్లు మార్చి దాన్ని నీలి నలుపుగానో గోధుమ నలుపుగానో మలుచుకోవచ్చు.

ప్రశ్న: రాత్రి పూట వేసిన చిత్రం పొద్దున చూస్తే వేరే రంగుల్లో ఉంటోంది.

జవాబు: నేనూ ఒకప్పుడు పసుపు బల్బు కింద రెండు రాత్రులు కూర్చుని ఒక ఆకాశం వేశాను. పగలు చూస్తే అది నీలి మందు కలిపిన బట్టలా ఉంది. వెలుగు ఎంత పసుపుగా, ఎంత నీలంగా ఉందో కెల్విన్ అంకెలలో చెబుతారు; పసుపు బల్బు వెలుగు 2700 కెల్విన్ దరిదాపుల్లో ఉంటుంది, అందులో నీలి భాగం తక్కువ. నీలం చాలినట్టు కనిపించక చెయ్యి ఇంకా ఇంకా చేరుస్తూ పోతుంది. మసక వెలుగులో మరో చిక్కుంది: శంకు కణాలు తప్పుకుని దండ కణాలు పనిలోకి వచ్చేకొద్దీ ఎరుపులు ముందుగా నల్లబడతాయి, నీలాలు వెలుగుతున్నట్టు కనిపిస్తాయి. సంధ్యవేళ పూలను చూసి దీన్ని మొదట గుర్తించిన పుర్కిన్యే పేరుతోనే ఈ మార్పును పిలుస్తారు.

5000 కెల్విన్ దగ్గరలో, రంగుల యథార్థతను తెలిపే సి.ఆర్.ఐ. సంఖ్య 90కి పైగా ఉన్న దీపం పెట్టుకోండి. కాన్వాస్ మీదా పాలెట్ మీదా ఒకే దీపం పడాలి. ఇది చాలామంది మరిచిపోతారు. అయినా ఒక దీపం కింద ఒకేలా కనిపించిన రెండు మిశ్రమాలు మరో దీపం కింద విడిపోవడం ఉంటుంది. దాన్ని పూర్తిగా తప్పించలేం. ఒకే వస్తువును మళ్లీ దిద్దేటప్పుడు మొదట వాడిన ద్రవ్యాలనే వాడితే తగ్గుతుంది.

ప్రశ్న: ఎరుపు కోపానికి, నీలం శాంతికి గుర్తు అంటారు. భావాన్ని బట్టి రంగు ఎంచుకునే పట్టిక ఏదైనా ఉందా?

జవాబు: పట్టికలకు కొదవ లేదు, వాటిని నమ్మి బాగుపడిన చిత్రాన్ని మాత్రం నేను చూడలేదు. ఒకే ఎరుపు పెళ్లికీ ప్రమాదానికీ కూడా వాడే గుర్తే. నిండైన రంగులు, పెద్ద వాల్యూ తేడాలు చూపరిని కదిలిస్తాయి. విరిచిన రంగులు, దగ్గరి స్థాయిలు నెమ్మదింపజేస్తాయి. ఇంతవరకు ధైర్యంగా చెప్పవచ్చు. మిగిలినది మీ చిత్రంలోని విషయం చెప్పాలి.

ప్రశ్న: మా అబ్బాయికి ఎరుపు–ఆకుపచ్చ వర్ణాంధత ఉందని తేలింది. వాడికి బొమ్మలంటే ప్రాణం. మాన్పించమంటారా?

జవాబు: మాన్పించకండి, అమ్మా. ఇది అరుదైనదేమీ కాదు. ఐరోపా సంతతి పురుషులలో సుమారు 8 శాతం మందికి ఏదో ఒక మోతాదులో ఉంటుంది. ఎక్కువమందిలో రంగులు లేకపోవడమన్నది ఉండదు, కొన్ని రంగుల మధ్య తేడా తగ్గిపోతుంది. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి కళాకారుడు షార్ల్ మెరియోన్ ఈ లోపం వల్లనే చిత్రలేఖనం వదిలి, రాగిరేకు మీద చెక్కి అచ్చు తీసే ఎచింగు వైపు మళ్లాడు. పారిస్ నగరాన్ని ఆయన చెక్కిన తీరును ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

రంగు వదలనక్కరలేని మార్గాలూ ఉన్నాయి. పాలెట్ మీద ట్యూబులను ఎప్పుడూ ఒకే వరుసలో పెట్టించండి, పేర్లు చదివి తీసుకోమనండి. ఎరుపు, ఆకుపచ్చలు కలిసే చోట వాటి మధ్య వాల్యూ తేడా ఉండేలా చూసుకోమనండి. అప్పుడు వాడికీ తెలుస్తుంది, చూసేవారికీ బాగుంటుంది. నీలం–పసుపు, నీలం–నారింజ జంటల మీద నిలిచే పాలెట్ వాడికి బాగా అందుతుంది. అన్నిటికీ మించి, లేత–ముదురు చూపులో వాడు తోటివారికి తీసిపోడు. నిలబడే చిత్రం అక్కడే తయారవుతుందని పైన ఒక జవాబులో చెప్పాను.

ప్రశ్న: పుస్తకాలు చదివితే అర్థమైనట్టే ఉంటోంది, కుంచె పట్టేసరికి ఏమీ గుర్తు రావడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఒక లేత పసుపు, ఒక మజెంటా, ఒక ఆకుపచ్చ మొగ్గు నీలం, తెలుపు; ఈ నాలుగు ట్యూబులే ఉంచుకుని మిగిలినవి కొన్ని నెలలు దాచేయండి. మొదట ఆ మూడు రంగులూ కలిపి తెచ్చుకున్న నలుపు నుంచి తెలుపు దాకా తొమ్మిది మెట్లు సమాన దూరంలో వేయండి. తేలిక అనిపిస్తుంది, మూడోసారికి గాని కుదరదు. ఆ తరువాత ఒక్కో జంటనూ పాళ్లు మారుస్తూ గళ్లలో వేసి, ప్రతి గడి పక్కన ఏది ఎంత కలిపారో రాయండి. ఈ పని విసుగే, కాదనను. కాని ఎదుట కనిపించే రంగును చూసి ‘ఇది నా మూడో వరుసలోని ఐదో గడి’ అనుకోగలిగిన రోజున పుస్తకంలో చదివినది చేతికి వస్తుంది.

దీనికి తోడుగా చిత్రకారుడూ ఉపాధ్యాయుడూ అయిన జోసెఫ్ ఆల్బర్స్ తన విద్యార్థులచేత చేయించిన అభ్యాసం ఒకటి చేయండి. ఆయన దాన్ని 1963లో వెలువరించిన గ్రంథంలో వివరించాడు. రంగు కాగితాలు తీసుకుని, ఒకే రంగు ముక్కలు రెంటిని వేర్వేరు రంగుల నేపథ్యాల మీద ఉంచి అవి రెండు వేర్వేరు రంగులుగా కనిపించేలా చేయాలి. అది కుదిరాక, వేర్వేరు రంగు ముక్కలు రెండు ఒకటిగా కనిపించేలా చేయాలి. రెండవది మొదటిదానికంటె చాలా కష్టం, వారం పట్టినా కంగారు పడకండి. కాగితంతోనే చేయమనడానికి కారణం ఉంది. రంగు ద్రవ్యమైతే కుదరనప్పుడు మిశ్రమాన్ని మార్చేస్తారు, కాగితమైతే పొరుగును మార్చక తప్పదు.

గళ్ల పట్టికను తడిగా ఉండగా చదవకండి. యాక్రిలిక్‌లోని పాలలాంటి జిగురు ఆరి పారదర్శకం కావడంతో రంగు ఒక మెట్టు ముదురుతుంది, నీటిరంగు లేతబడుతుంది, అడుగు కనిపించని మందపు నీటిరంగైన గువాష్‌లో లేతవి ముదిరి, ముదురువి లేతబడడం చూస్తారు. పట్టికను ఒక రాత్రి ఆరనిచ్చి, మరునాడు పగటి వెలుగులో గుర్తులు రాసుకోండి.